సీసాలో దిష్టి

1954 వేసవిలో నన్ను మద్రాసు నుంచి కర్నూలుకు బదిలీ చేశారు. హోదా జూనియర్ కెమిస్టు. పల్లెల్లో కొత్తగా తవ్విన తాగునీటి బావుల నీళ్ళు పరీక్షించి, పనికొస్తాయో రావో తేల్చడం నా పని. కొత్త రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయి అప్పటికి ఏడాది నిండలేదు. కచేరీలు చాలావరకు డేరాల్లోనే నడుస్తున్నాయి. మా శాఖకూ ఒక డేరా దక్కింది. అందులో ఒక మేజా, రెండు కుర్చీలు, మా ఇంజనీరుగారు పట్టేవారు. గాజుసామాను పట్టేది కాదు, పట్టినా నిలిచేది కాదు. మధ్యాహ్నం గాలి లేస్తే కాగితాలతో పాటు, వాటి మీద బరువుకు పెట్టిన రాళ్ళు కూడా కదిలేవి. సున్నితమైన త్రాసును అలాంటి చోట పెట్టడం, కళ్ళంలో తూర్పారబడుతూ పక్కన దీపం వెలిగించడం లాంటిది.

"ఇల్లు అద్దెకు తీసుకున్నావు కదా, తాత్కాలికంగా అక్కడే పెట్టుకో" అన్నారు ఇంజనీరుగారు. సర్కారులో తాత్కాలికానికి ఉన్నంత ఆయుష్షు శాశ్వతానికి ఉండదు. అలా పాతూరిలో, బురుజు వెనక సందులో, మా అద్దె ఇంటి వెనక వసారా నీటి పరీక్షాశాల అయి కూర్చుంది. ఆ ఇంటికి హాలు లేదు. హాలైడ్లు మాత్రం వచ్చి చేరాయి.

ఈ మాట అని నేను నవ్వినప్పుడు మా ఆవిడ కామాక్షి నవ్వలేదు. హాలైడ్లంటే ఏమిటో వివరించాక కూడా నవ్వలేదు. పాఠకులకు ఆ గతి పట్టకుండా ముందే చెబుతాను. క్లోరిన్, బ్రోమిన్, అయొడిన్ ఒకే కుటుంబంలోని అన్నదమ్ములు. ఫ్లోరిన్ అని పెద్దన్న ఒకడున్నాడు గానీ, అతనిది వేరు కాపురం. ఇవి లవణాలుగా నీళ్ళలో కరిగి ఉన్నప్పుడు వాటిని హాలైడ్లంటాం. మనం తినే ఉప్పు సోడియం క్లోరైడు. బావినీళ్ళలో పెద్ద వాటా ఎప్పుడూ క్లోరైడుదే. బ్రోమైడు లవలేశం. అయొడైడు ఉందనుకుంటే ఉంది, లేదనుకుంటే లేదు.

కామాక్షిది కడప. పప్పు ఉడకని నీళ్ళతోనే పుట్టి పెరిగిన మనిషి. నా శాస్త్రం మీద ఆమెకు గౌరవం ఉండేది గానీ, అది తన రాగి కాగు జోలికి వచ్చేదాకానే. బట్టీపట్టిన నీళ్ళు, అంటే ఆవిరిని చల్లార్చి పట్టిన స్వచ్ఛమైన నీళ్ళు, లేనిదే ఏ పరీక్షా సాగదు. మద్రాసు నుంచి రావలసిన బట్టీ, రెండు రాష్ట్రాల మధ్య ఆస్తుల పంపకంలో ఎక్కడో ఇరుక్కుంది. కాబట్టి స్నానాల కాగుకు మూత బిగించి, గొట్టం తగిలించాను.

"వెండి గిన్నె కొనిపెడతానని కదా పెండ్లిలో చెప్పినారు? ఇప్పుడు వెండి నీళ్ళు తెచ్చి పెట్టినారు. ఉన్న రాగి కాగూ పాయె" అంది.

వెండి నీళ్ళంటే సిల్వర్ నైట్రేటు ద్రావణం. క్లోరైడు కొలవడానికి అదే ఆయుధం. పింగాణీ గిన్నెలో కొలిచిన నీళ్ళు పోసి, పొటాషియం క్రోమేటు చుక్కలు వేస్తే నిమ్మపండు రంగు వస్తుంది. బ్యూరెట్టు అనే గీతల గొట్టం నుంచి వెండి ద్రావణాన్ని చుక్కచుక్కగా వదులుతూ కలపాలి. వెండి ముందు క్లోరైడును పట్టుకుని, విరిగిన పాలలా తెల్లగా కిందికి దిగుతుంది. పట్టుకోవడానికి క్లోరైడు మిగలనప్పుడు క్రోమేటు మీద పడుతుంది. అప్పుడు పసుపులో ఇటుకపొడి రాలినట్టు ఎరుపు తగులుతుంది. అక్కడ ఆపాలి. ఎంత ద్రావణం ఖర్చయిందో చూసి, లక్షపాళ్ళ నీటికి ఎన్ని పాళ్ళ క్లోరైడో లెక్క కట్టాలి. ఈ వెండి ద్రావణం చర్మానికి అంటితే, ఎండ తగిలాక నల్లగా మారుతుంది. ఆ రోజుల్లో నా వేళ్ళు చూసినవాళ్ళు నన్ను ఇంకు కంపెనీ ఉద్యోగి అనుకునేవారు.

జూన్ మొదట్లో ఒక పొద్దున ఈరన్న వచ్చాడు. ఆలూరు దిక్కు పల్లె. ఆ తాలూకా అంతకు ముందేడు దాకా బళ్ళారి జిల్లాలో ఉండి, రాష్ట్రంతో పాటు మా ఒళ్ళో పడింది. నలభై ఏళ్ళ రైతు. తడిగోనెలో చుట్టిన సీసాను ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చానని చెప్పాడు. వించెస్టర్ సీసా అంటారు దాన్ని. పెద్దది, గాజు బిరడాది. బిరడా మీద గుడ్డ కట్టి, ఓవర్సీరు లక్క ముద్ర వేసి ఉంది. నమూనా నింపేటప్పుడు ఓవర్సీరు దగ్గరుండాలని నిబంధన.

"మా బాయి నీళ్ళు సారూ" అన్నాడు. "పాసో ఫెయిలో నువ్వే చెప్పల్లంట గదా?"

"పరీక్ష రాసేది నీళ్ళు, దిద్దేది నేను" అన్నాను.

"అయితే కొంచెం సూసి దిద్దప్పా. మా యమ్మ రోజూ మొక్కుకుంటాండాది."

అతను చెప్పిందాంట్లో నాకు అర్థమైంది ఇది. ఆ ఊరికి నీళ్ళు లేవు. ఆడవాళ్ళు దూరాన ఉన్న వంకకు పోయి, ఇసుకలో చెలమలు తోడి, ఊరిన నీళ్ళు ముంతలతో కడవలకెత్తుకుని వస్తారు. ఈరన్న తన చేను మూల ఇచ్చాడు. ఊరంతా కలిసి, కింద బండ పగలగొట్టి, బావి తవ్వారు. నీళ్ళు పడ్డాయి. ఇప్పుడు సర్కారు ఒప్పుకుంటేనే రాతి కట్టుబడి, గిలక, గట్టు కట్టిస్తుంది. ఒప్పుకోకపోతే ఆ కట్టుబడి జాబితాలో తర్వాతి ఊరికి పోతుంది. పరీక్ష తేలేదాకా ఎవరూ ఆ నీళ్ళు ముట్టకూడదని, ఓవర్సీరు బావి మీద ముళ్ళకంప కొట్టించి పోయాడు.

"తేలేదాంకా ఊరికి పోను" అన్నాడు ఈరన్న. "ఒట్టి చేతుల్తో పోతే మా యమ్మ గడప తొక్కనీదు. సత్రంలో పండుకుంటా." పగలంతా మా అరుగు మీద కూర్చునేవాడు. కామాక్షి అతనికి సంగటి పెట్టేది. నా మీద కంటే అతని మీదే ఎక్కువ జాలి చూపేది.

మొదటి కొలతకే నా మొహం వాడిపోయింది. ఇటుక రంగు ఎంతకీ రాలేదు. బ్యూరెట్టు ఖాళీ అయింది. మళ్ళీ నింపాను. చివరకు తేలిన లెక్క, మా శాఖ గీసిన గీతకు దాదాపు రెట్టింపు. నా చెయ్యి నాకు తెలుసు కాబట్టి మళ్ళీ చేశాను. అదే లెక్క.

అది రాసి పంపేస్తే పని అయిపోయేది. కానీ ఒక సంగతి కుదరలేదు. ఆ ప్రాంతపు బావుల్లో ఉప్పు ఎక్కువైతే అది ఒంటరిగా రాదు. సున్నం, మెగ్నీషియా, గంధకపు లవణాలు, మొత్తం పరివారంతో పల్లకీలో వస్తుంది. ఈ నీళ్ళలో సున్నం మామూలుగా ఉంది. మిగతావీ మామూలుగానే ఉన్నాయి. ఉప్పు ఒక్కటే, చుట్టాలెవరూ లేకుండా, బస్సు దిగి వచ్చినట్టు వచ్చింది.

ఎక్కడిదీ ఉప్పు? ఆ ప్రశ్న వచ్చాక నాకు ఇంక పని మీద పని. వెండితో చేసే కొలత మూడు హాలైడ్లనూ ఒకే మూటగా కట్టి చూపిస్తుంది. మూట విప్పితే, ఉప్పు ఏ ఊరిదో కొంత తెలియవచ్చు. సముద్రం నీళ్ళు ఎండబెట్టి తీసిన ఉప్పులో, సరిగా కడగకపోతే, బ్రోమైడు అంటుకుని ఉంటుంది. ఆ చవుడు నేలల ఉప్పులో నేను చూసినంతవరకు అంత ఉండేది కాదు.

సీసాలోని నీళ్ళలో కొంత కుంపటి మీద మరగబెట్టి గరిటెడు చేశాను. అందులో ఆమ్లమూ వెండి ద్రావణమూ పోస్తే పెరుగు తరకల్లాంటి ముద్ద దిగింది. దాన్ని వడగట్టి, కడిగి, పలచని అమ్మోనియా పోశాను. విడదీసే కిటుకు అక్కడుంది. క్లోరైడు ముద్ద, విందుకు ఒక్కసారి పిలిస్తే లేచి వచ్చే చుట్టం. పలచని అమ్మోనియాలోనే కరిగిపోతుంది. బ్రోమైడుది కాస్త బెట్టు. గాఢమైన అమ్మోనియాతో బతిమాలాలి. అయొడైడు ససేమిరా రాదు. నేను పోసినదానికి ముద్ద చాలావరకు కరిగింది. వడపోత కాగితం మీద మీగడ రంగులో పలచని పొర మిగిలింది.

అమ్మోనియా ఘాటుకు కామాక్షి కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. "ఎర్రగడ్డలు తరక్కుండానే ఏడిపిస్తాండారు. మిగిలిందేందది?"

"బెట్టు చేసేవాడు" అన్నాను. "తమ్ముడా, కడగొట్టువాడా అన్నది తేల్చాలి."

అయొడైడు కాదని తేలింది. మరగబెట్టిన నీళ్ళు ఇంకొంచెం గొట్టంలో తీసుకుని, నీటితో కలవక అడుగున నిలిచే కార్బన్ టెట్రాక్లోరైడు పోసి పరీక్షించాను; అయొడైడు ఉంటే ఆ పొరలో నేరేడుపండు రంగు రావాలి, రాలేదు. తర్వాత అదే గొట్టంలో క్లోరిను నీళ్ళు చుక్కలుగా వేసి కుదిపాను. అడుగు పొర మెల్లగా పలచని నారింజ రంగుకు తిరిగింది. బ్రోమైడు ఉంది! వసారాలో నేనొక్కణ్ణే కాబట్టి చప్పట్లు కొట్టుకున్నాను. అరుగు మీంచి ఈరన్న లేచి వచ్చాడు.

"పాసయ్యిందా సారూ?"

"ఇంకా లేదు. రంగు వచ్చింది."

"రంగు నీళ్ళు ఎవురు తాగుతారప్పా?" అని మళ్ళీ పోయి కూర్చున్నాడు.

ఉందని తెలిస్తే చాలదు, ఎంతో తెలియాలి. తెలిసిన మోతాదుల్లో బ్రోమైడు కలిపిన గొట్టాలను వరుసగా పెట్టి, ఏ రంగుతో సరిపోతుందో చూడాలి. నా పెట్టెలో పొటాషియం బ్రోమైడు లేదు. అది నిద్రపట్టని రోగులకిచ్చే మందు కూడా. ఆస్పత్రి కాంపౌండరును అడిగి ఒక పొట్లం తెచ్చుకున్నాను. ఊరందరికీ నిద్రపట్టించే ఆ మందు, నాకు మాత్రం ఆ వారం నిద్ర లేకుండా చేసింది. గొట్టాలు పెట్టి చూశాను. తర్వాత మా వంటింటి కల్లుప్పును బట్టీనీళ్ళలో కరిగించి, అంతే క్లోరైడు ఉండేలా సరిచేసి, అదే పరీక్ష చేశాను. రెండు గొట్టాలూ కవలపిల్లలు. అదే తాలూకా నుంచి వచ్చిన మరో ఉప్పుబావి నీళ్ళు బీరువాలో ఉంటే వాటినీ చూశాను. రంగు కనీకనపడనట్టుంది.

ఇది రుజువు కాదు. భూమిలోని ఉప్పుకూ బ్రోమైడు ఉండవచ్చు. కానీ ఉప్పు ఒంటరిగా రావడమూ, రంగు మా వంటింటి ఉప్పుతో కలవడమూ, రెండూ ఒకే వైపు చెయ్యి చూపిస్తున్నాయి. ఆ సీసాలో ఉన్నది అంగట్లో కొన్న ఉప్పు.

మా ఆవిడకు దీపాలు పెట్టాక 'ఉప్పు' అనకూడదని పట్టింపు. 'రుచి' అనేది. ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ అడిగింది. "అయితే ఆ బాయిలో రుచి ఎవరు వేసినారంటారు?"

నా మనసులో ఉన్నదీ అదే. ఊళ్ళ మధ్య కక్షలు లేని తాలూకా కాదు అది. ఈ ఊరి బావి తప్పితే కట్టుబడి పక్క ఊరికి పోతుంది. అంతకంటే కారణం ఏం కావాలి?

మర్నాడు డేరాకు పోయి ఇంజనీరుగారికి చెప్పాను. తిరిగి నమూనా తీయాలంటే ఆయన అనుమతి కావాలి. ఆయన అంతా విని కళ్ళజోడు తీశారు.

"నీళ్ళలో ఉప్పుందా లేదా?"

"ఉంది సార్."

"ఉంటే ఉందని రాయి. అది ఎవరి ఉప్పో నీకెందుకయ్యా?"

"సర్కారు ఉప్పు తింటున్నాను కాబట్టి సార్" అన్నాను.

నా శ్లేషలకు ఉద్యోగ జీవితంలో దొరికిన ఒకే ఒక్క మెప్పు అదే అనుకుంటాను. ఆయన నవ్వలేదు గానీ సంతకం పెట్టారు. వారాంతంలో జాబితా పోతుందనీ, ఆలోగా తేలకపోతే మొదటి లెక్కే ఖాయమనీ గట్టిగా చెప్పారు.

రెండు ఖాళీ సీసాలతో, ఈరన్నను వెంటబెట్టుకుని, పత్తికొండ మీదుగా పోయే ఆలూరు బస్సెక్కాను. ఒకటి పగిలితే ఇంకొకటని రెండు తీసుకున్నాను తప్ప, దూరాలోచన ఏమీ లేదు. దారిలో మెల్లగా అడిగాను. పక్క ఊరివాళ్ళెవరైనా బావిలో ఉప్పు కుమ్మరించి ఉంటారా అని.

ఈరన్న నన్ను ఎగాదిగా చూశాడు. "బాయి ఉప్పగా కావల్లంటే ఎన్ని మూటలు పొయ్యల్ల సారూ? అన్ని మూటలు కొనేకి దుడ్లు వాళ్ళ కాడ యాడుండాయి? కూట్లోకే చూసి ఏసుకుంటాండారు. అంత దుడ్లుంటే వాళ్ళే ఇంగో బాయి తవ్వుకోరా?"

కెమిస్టును నేనైనా, ఆ మూటల లెక్క నేను వేయలేదు. కాగితం తీసి వేశాను. నిజమే, బండికెత్తవలసినంత. కక్ష అనే కథ బస్సు పత్తికొండ దాటకముందే పోయింది. ఇంక ఏమై ఉంటుందో తెలియలేదు. ఇది నన్ను కక్ష కంటే ఎక్కువ వేధించింది.

ఆలూరులో దిగి, ఆ రాత్రికి అక్కడే పడుకుని, తెల్లవారకముందే ఎద్దులబండిలో నల్లరేగడి చేల మీదుగా పోయాం. పొద్దున్నే ఆడవాళ్ళు కడవలతో వంక నుంచి వస్తూ ఎదురయ్యారు. కడవల్లో నీళ్ళు కాఫీ రంగులో ఉన్నాయి. ఊరి బావి మీద ముళ్ళకంప అలాగే ఉంది. దాని సందులోంచి తొంగిచూస్తే, లోపల నీళ్ళు తేటగా, ఆకాశం ముక్క పడి, మెరుస్తున్నాయి. ఆ కంప పక్కనుంచే ఆ కడవలు నడిచిపోయాయి.

ఊరంతా మూగింది. ఈరన్న తల్లి తిమ్మక్క అవ్వ కర్ర పట్టుకుని ముందుకొచ్చింది. ఎండిన వేరుశనగ కాయలా ఉంది గానీ గొంతు మాత్రం కంచు.

"ఏమప్పా, కర్నూల్లో మా నీళ్ళను వారం దినాలు పెట్టుకోని ఏం చేస్తాంటివి?"

"పరీక్ష చేస్తున్నానవ్వా."

"నీళ్ళను తాగి సూడల్ల గానీ, పరీచ్చేంది?" అంది. జనం నవ్వారు.

కంప తీయించాను. బొక్కెన కడిగించి, నీళ్ళు చేదించాను. నిబంధన ప్రకారం, అవే నీళ్ళతో సీసాను మూడుసార్లు కడిగి, నాలుగోసారి నింపాను. బిరడా పెట్టబోతున్నాను. "ఉండప్పా ఉండు" అని అవ్వ నా మోచెయ్యి పట్టుకుంది. కొంగు ముడి విప్పింది. పిడికిట్లో ఏదో తీసుకుని, సీసా చుట్టూ మూడుసార్లు తిప్పింది. "ఊరోళ్ళ కన్నూ, దోవలో వాళ్ళ కన్నూ, కచ్చేరోళ్ళ కన్నూ" అంటూ, నేను చూస్తుండగానే, పిడికిట్లోది సీసా మూతిలో వేసేసింది.

నాలుగు కల్లుప్పు రవ్వలు. గాజు అడుగుకు జారుతూ ఒకదాన్నొకటి తాకి టిక్కుమన్నాయి.

"పోయినసారి సీసాలో కూడా ఇట్లే వేసినావా అవ్వా?"

"ఎయ్యకుండా పంపిస్తానా? బండ పగలగొట్టి తీసిన నీళ్ళు. ఆ టోపీ ఓవర్సీరప్ప లక్క ఏసేకి ముందు మజ్జిగ తాగుతాంటే దిష్టి తీసేసి, ఈరన్న చేతికిస్తి."

"దిష్టి తీస్తే ఉప్పు వేరే నీళ్ళలో కదా వెయ్యాలి?"

అవ్వ నన్ను పసిపిల్లవాణ్ణి చూసినట్టు చూసింది. "మనిషికి తీస్తే నీళ్ళల్లో ఏస్తాం. ఉప్పు కరిగితే దిష్టి కరుగుతాది. నీళ్ళకే దిష్టి తీస్తే ఇంగ యాడెయ్యల్ల? దానికోసం ఇంగో చెంబు నీళ్ళు పారబోసేంత భాగ్యమా మాది? ఆ నీళ్ళుంటే నిన్నెందుకు పిలుస్తుంటిమి?"

ఈరన్న వంగి సీసా అడుగు చూశాడు. "యమ్మా, నీ ఉప్పుతోనే బాయి ఫెయిలయ్యిందే!" అన్నాడు. అవ్వ తన అరచెయ్యి చూసుకుంది. "నా చేత్తోనా?" అంది. కంచు గొంతులో అప్పుడు కంచు లేదు.

"బావి ఫెయిలు కాలేదు, సీసా ఫెయిలయింది" అన్నాను. రెండో సీసా తీశాను. మళ్ళీ కడిగి నింపాను. అవ్వ చెయ్యి అప్పుడు కూడా కొంగు దగ్గరికి పోతోంది. దిష్టి లేకుండా పంపడానికి ఆమె మనసు ఒప్పలేదు. ఆమెను తప్పుపట్టి లాభం లేదని తెలిసి, ఒక మాటన్నాను. "అవ్వా, సీసా తనంతట తాను నడిచిపోదు. మోసేది నేను. దిష్టి నాకు తియ్యి. ఉప్పు ఆ మొదటి సీసాలో వెయ్యి. అది ఎట్లాగూ నీ సీసానే కదా."

అవ్వ ఆలోచించింది. నన్ను కింద కూర్చోమంది. నా మొహం అటూ ఇటూ తిప్పి చూసింది.

"దిష్టి తగిలేంత ఏముందిలే అప్పా నీ మొగంలో" అంది. "అయినా తీస్తా."

బావి చుట్టూ ఉన్నవాళ్ళు ఊపిరాడకుండా నవ్వారు. ఉప్పు నా తల చుట్టూ మూడుసార్లు తిరిగి మొదటి సీసాలో పడింది. రెండో సీసాకు బిరడా పెట్టి, గుడ్డ కట్టి, లక్క నేనే వేశాను. కర్నూలు చేరేదాకా దాన్ని ఒళ్ళోంచి దించలేదు. ఈరన్న కూడా మళ్ళీ నా వెంటే వచ్చాడు.

ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. కామాక్షి తలుపు తీస్తూనే అడిగింది. "తేలిందా, ఎవరి రుచో?"

మర్నాడు పొద్దున్నే బ్యూరెట్టు నింపాను. ఈరన్న ఈసారి అరుగు మీద కూర్చోలేదు. నా పక్కనే నిలబడ్డాడు. చుక్కలు పడుతున్నకొద్దీ తెల్లగా విరుగుతోంది. మా శాఖ గీత ఇంకా రాకముందే, పసుపులో ఇటుక రంగు తగిలి నిలిచింది. మళ్ళీ చేశాను. అక్కడే. బ్రోమైడు రంగు కనీకనపడనట్టుంది.

"కొంచెం ఉప్పున్నాయి నీళ్ళు" అన్నాను. "పప్పు త్వరగా ఉడకదు. కానీ పాస్."

ఈరన్న తుండుగుడ్డతో మొహం తుడుచుకుని, కామాక్షికి చెప్పడానికి లోపలికి పోయాడు.

నివేదికలో చివరి గడి 'ప్రత్యేక విషయాలు'. దిష్టి అని రాయడానికి అందులో చోటుంది గానీ ధైర్యం లేదు. 'మొదటి నమూనాలో సేకరణ సమయంలో బయటి లవణం చేరినట్టు స్వయంగా గమనించడమైనది' అని రాశాను. ఇంజనీరుగారు చదివి తలెత్తారు.

"ఎవరి ఉప్పో తెలిసిందా?"

"తెలిసింది సార్. ఊరి ఉప్పే. నీళ్ళ మేలు కోరి వేసిందే."

ఆ వారం జాబితాలో ఊరి పేరు నిలిచింది. వానలు పడకముందే కట్టుబడి మొదలైంది.

తర్వాత నేను అనంతపురంలోనూ, కడపలోనూ, సొంత కట్టడాలున్న మంచి పరీక్షాశాలల్లోనూ పనిచేశాను. నమూనాల విషయంలో రెండు మార్పులు నా చేతి మీదుగా జరిగాయి. సీసాతో పంపే సూచనల కాగితంలో ఒక వాక్యం చేర్పించాను. నింపిన తర్వాత సీసాలో ఏమి వేసినా, మంచికి వేసినా, తెలియజేయాలని. బావి దగ్గరికి నేను పోయినప్పుడల్లా రెండు సీసాలు తీసుకుపోయేవాణ్ణి. ఒకటి ఊరికి, ఒకటి నాకు. బ్యూరెట్టు తప్పు చెప్పదు. సీసాలో ఏముందో అదే చెబుతుంది. సీసాలోకి ఏది ఎలా వచ్చిందో మాత్రం, బావి దగ్గర నిలబడ్డవాళ్ళను అడిగితేనే తెలుస్తుంది.